చిన్న రైలు కాగితాలను రెండు లారీల్లో ఎక్కించకండి: ఇద్దరు రైల్వే జనరల్ మేనేజర్లకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని దక్షిణ కోస్తా రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
భువనేశ్వర్‌లోని తూర్పు కోస్తా రైల్వే జనరల్ మేనేజర్ గారికి,

విషయం: నౌపడ–గుణుపురం నేరోగేజి మార్గం పాత రికార్డులు.

అయ్యా,

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను, ఎందుకంటే విషయం ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. విశాఖ కేంద్రంగా తూర్పు కోస్తా కింద ఉన్న వాల్తేరు డివిజన్ పంపకాల్లో తొంభై కిలోమీటర్ల ఒక బ్రాంచి లైను మీ ఇద్దరి మధ్య రెండు ముక్కలైంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లెక్క ప్రకారం సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్‌గా దక్షిణ కోస్తాకు, సుమారు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తాకు. ఆ జాబితాలో కొత్తవలస–బచేలి లాంటి పెద్ద పేర్ల మధ్య రెండు చిన్న పేర్లున్నాయి. నౌపడ జంక్షన్–పర్లాకిమిడి ఒకవైపు, పర్లాకిమిడి–గుణుపురం ఇంకోవైపు.

పంపకం మీద నాకు పేచీ లేదు. ఏ ముక్క ఎవరికి పోయిందన్న గొడవ రాజకీయ నాయకులు చూసుకుంటారు. నేనడిగేది ఇప్పుడు నడుస్తున్న బ్రాడ్‌గేజి, అంటే వెడల్పు పట్టాల రైలు గురించి కూడా కాదు. అదే దారిలో 1900 నుంచి 2004 దాకా నేరోగేజి, అంటే ఇరుకు పట్టాల మీద నడిచి ఆగిపోయిన చిన్న రైలు గురించి, దాని కాగితాల గురించి.

గీత ఎక్కడ పడిందో ఒకసారి చూడండి. 1900లో ఈ లైను మొదలైనప్పుడు నౌపడ నుంచి పర్లాకిమిడి దాకానే ఉండేది, పాతిక మైళ్లు. గుణుపురం దాకా పొడిగించింది ఆ తర్వాత చాలా కాలానికి, 1929, 1931లలో రెండు విడతలుగా. అంటే నూట పాతికేళ్ల కింద చివరి స్టేషన్ ఏదో, ఇవాళ మీ రెండు జోన్ల వాటాలు విడిపోయింది సరిగ్గా అక్కడే. పర్లాకిమిడి రాజుల్లో తండ్రి వేసిన ముక్క విశాఖకు వెళ్లింది, కొడుకు కాలంలో వేసిన ముక్క రాయగడకు వెళ్లింది. గీత గీసినవాళ్లు ఇదంతా చూసి గీశారని నేననుకోను. కానీ చరిత్ర రాయబోయేవాడికి దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, సగం కథ కోసం ఒక ఆఫీసుకి, మిగతా సగం కోసం ఇంకో రాష్ట్రంలోని ఇంకో ఆఫీసుకి తిరగాలి.

ఆ తండ్రి పర్లాకిమిడి మహారాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవ్. మద్రాసు–కలకత్తా మెయిన్ లైను 1890లలో తీరం వెంట వేశారు. అది నౌపడ మీదుగా పోయింది, పర్లాకిమిడికి పాతిక మైళ్ల దూరంలో. రాజావారి ఊరు నుంచి మద్రాసు వెళ్లాలన్నా, కలకత్తా వెళ్లాలన్నా ముందు నౌపడ చేరాలి. దాంతో సొంతంగా లైను వేయాలనుకున్నారు. 1898లో అనుమతి వచ్చింది, 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. ఖర్చు సుమారు 7 లక్షల రూపాయలు, మైలుకి 28 వేలు పడ్డట్టు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. మెయిన్ లైనుది అయిదున్నర అడుగులు. చిన్న గేజికి చిన్న కట్ట చాలు, చిన్న వంతెన చాలు, తేలికపాటి పట్టాలు చాలు. అందుకే పేరులోనే ఉంది, పర్లాకిమిడి లైట్ రైల్వే అని.

ఆ పొదుపు ఖరీదు నౌపడలో తెలిసేది. గేజి మారిన చోట వ్యాగను ముందుకి పోదు. పైనుంచి వచ్చిన ప్రతి బస్తానీ చిన్న వ్యాగను నుంచి దించి, నాలుగడుగులు మోసి, పెద్ద వ్యాగనులో ఎక్కించాలి. కిందనుంచి పైకి పోయేదానికీ అంతే. ఎక్కించి దించే ప్రతిచోటా లెక్క రాసేవాడు ఒకడు, మోసేవాళ్లు పదిమంది. బ్రాడ్‌గేజి వచ్చాక ఆ పని మొత్తం లేకుండా పోయింది. లేకుండా పోవడం మంచిదే, ఆ మోత ఎవరికీ సరదా కాదు. కానీ ఉప్పు మడుల పక్కనున్న నౌపడ నుంచి ఏం పైకెళ్లింది, సవర కొండల వైపు నుంచి ఏం కిందికొచ్చింది, ఏ నెలలో ఎంత, అన్నది ఆ దింపుడు పుస్తకాల్లో ఉంటుంది. ఒక ప్రాంతం ఏం తిన్నదో ఏం అమ్ముకున్నదో చెప్పడానికి అంతకంటే సూటి సాక్ష్యం దొరకదు.

ఈ లైను మొదట్లో నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత గానీ లాభాల ముఖం చూడలేదు, 1924–25 నుంచి ఆదాయం బాగా పెరిగింది. ఆ ధైర్యంతోనే గౌరచంద్ర గారి కొడుకు కృష్ణచంద్ర గజపతి హయాంలో పొడిగింపు జరిగింది. ఇవాళ ఏదైనా బ్రాంచి లైను గురించి మాట్లాడితే ముందు అడిగేది 'గిట్టుబాటు అవుతుందా' అని. ఇక్కడ పదేళ్లపాటు గిట్టుబాటు కాని లైను ముప్పై ఏళ్లకి యాభై కిలోమీటర్లు పెరిగింది. ఆ మధ్యలో ఏం మారింది? పంటా, చార్జీలా, అడవి సరుకా, జాతరల రద్దీయా? జమా ఖర్చుల పుస్తకాలు ముందేసుకుంటే ఎవరైనా చెప్పగలిగే సంగతి ఇది. పుస్తకాలు లేకపోతే తలా ఒక మాట చెప్పుకోవడమే.

ఇక్కడ చిన్న పక్కదారి. ఏప్రిల్ 1కీ ఈ లైనుకీ ఏదో పాత బాకీ ఉన్నట్టుంది. లైను మొదలైంది 1900 ఏప్రిల్ 1న. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి పట్టణం గంజాం జిల్లాతో సహా మద్రాసు నుంచి అటు వెళ్లింది 1936 ఏప్రిల్ 1న. కృష్ణచంద్ర గజపతి ఆ కొత్త రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి అయింది (ముఖ్యమంత్రిని అప్పుడలా పిలిచేవారు) 1937 ఏప్రిల్ 1న. తూర్పు కోస్తా జోన్ పని మొదలుపెట్టింది 2003 ఏప్రిల్ 1న. తేదీలు కాకతాళీయమే కావచ్చు. వాటి ఫలితం మాత్రం కాగితాల మీద పడింది.

1936 దెబ్బ మామూలుది కాదు. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం ఇటు మద్రాసు వైపు ఉండిపోయాయి. పాతపట్నం దాటగానే పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం అటు వెళ్లాయి. పర్లాకిమిడి రాజావారి బడిలో పనిచేసి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఊరు ఒరిస్సాలో కలవడం సహించలేక వదిలిపెట్టి రాజమండ్రి చేరుకున్నారు. చిన్న రైలు మాత్రం రోజూ సరిహద్దు దాటి వెళ్లి వచ్చింది. ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, సవరలు. అందుకే ఈ లైను చరిత్రను ఒక్క తెలుగులోనో ఒక్క ఒడియాలోనో రాస్తే అది సగమే అవుతుంది. పర్లాకిమిడి మాదంటే మాదన్న పాత పంచాయితీకి ఇదో కొత్త వేదిక అయితే ఇంకా ఘోరం.

ఇప్పుడు కాగితాల సంగతికి వస్తాను. లైను పుట్టినప్పుడు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, కాబట్టి అనుమతుల ఉత్తర ప్రత్యుత్తరాల జాడ చెన్నైలోని ఆర్కైవ్స్‌లో వెతకాలి. తర్వాత నిర్వహణ బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి పోయింది, దాని హెడ్ ఆఫీసు కలకత్తా గార్డెన్ రీచ్. 1944లో ఆ కంపెనీని ప్రభుత్వం తీసుకుంది. 1952లో తూర్పు రైల్వే, 1955లో ఆగ్నేయ రైల్వే, 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా, ఇప్పుడు విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా. ఇల్లు మారినప్పుడల్లా ఏదో ఒక పెట్టె కనబడకుండా పోవడం ఇళ్లలో మనందరికీ తెలిసిందే. ఈ లైను ఇన్ని ఇళ్లు మారింది. ఇంకోసారి మారుతోంది. నా భయమల్లా ఈసారి మిగిలినవి కూడా 'మీ దగ్గరున్నాయనుకున్నాం' అన్న మాట కింద మాయమవుతాయని.

ఆఫీసులో పనిచేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, డివిజన్ విడగొట్టేటప్పుడు ముందు కదిలేవి నడుస్తున్న ఫైళ్లు. సిబ్బంది సీనియారిటీ, టెండర్లు, కోర్టు కేసులు, ఆస్తుల జాబితాలు. మూసేసిన గేజి తాలూకు రిజిస్టర్ ఎవరి టేబుల్ మీదా ఉండదు. అది ఏ స్టోర్ రూములోనో పాత కుర్చీల కింద ఉంటుంది. గది ఖాళీ చేయమన్న రోజున దాన్ని తీసేవాడికి అది చెత్త. అతని తప్పేం లేదు, ఇది చెత్త కాదని అతనికి ఎవరూ చెప్పలేదు.

చట్టం మాత్రం చెబుతోంది. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కేంద్ర ప్రభుత్వ శాఖలన్నిటికీ వర్తిస్తుంది. ప్రతి కార్యాలయంలో ఒక రికార్డ్స్ ఆఫీసర్ ఉండాలి. 25 ఏళ్లు దాటిన రికార్డుల్లో శాశ్వతంగా దాచాల్సినవేవో జాతీయ ఆర్కైవ్స్‌తో సంప్రదించి తేల్చాలి. చిన్న రైలు నడిచిన 104 ఏళ్లలో ఎక్కువ భాగం ఆ పాతికేళ్ల గీత ఎప్పుడో దాటేసింది. కాబట్టి నేను ప్రత్యేకమైన దయ ఏమీ అడగడం లేదు.

ఏవి దాచాలంటారా? పెద్ద పెద్ద ఫర్మానాలు ఎలాగూ ఎవరో ఒకరు దాస్తారు. నా మనసు ఉన్నది మామూలు కాగితాల మీద. వర్కింగ్ టైమ్ టేబుల్ తీసుకోండి. ప్రయాణికులకి అమ్మే టైమ్ టేబుల్ కాదు, డ్రైవర్లకీ గార్డులకీ స్టేషన్ మాస్టర్లకీ ఇచ్చేది. ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగాలి, ఇంజన్ ఎక్కడ నీళ్లు పట్టాలి, ఎదురు బండికి ఎక్కడ దారివ్వాలి, ఏ మలుపులో వేగం తగ్గించాలి, ఏ వంతెన మీద ఎంత నెమ్మదిగా పోవాలి, అన్నీ అందులో ఉంటాయి. 1930 నాటిదీ 1970 నాటిదీ పక్కపక్కన పెడితే లైను ఎప్పుడు బాగుపడింది, ఎప్పుడు నిర్లక్ష్యానికి గురైంది చేత్తో చూపించవచ్చు. వంతెనల రిజిస్టర్లు కూడా అంతే. మహేంద్రతనయ, వంశధార వరదలొచ్చిన సంవత్సరాలు ఎవరికి ఎలా గుర్తున్నా, నీళ్లు గర్డరుకి (వంతెన దూలానికి) ఎంత కిందిదాకా వచ్చాయో రాసి పెట్టేది ఆ రిజిస్టర్లలో.

ఇంకోటి అట్ట టికెట్. కంప్యూటర్ టికెట్లు రాకముందు ప్రయాణం చేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రెండుంబావు అంగుళాల పొడవు, అంగుళం పైచిలుకు వెడల్పు, దళసరి అట్ట. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ క్లాసు, చార్జీ ఎంత, కింద వరస నంబరు. బుకింగ్ కిటికీలో ఇనప మిషన్‌లో పెట్టి టక్కున నొక్కితే తేదీ పడేది. చాలా మిషన్లకి సిరా కూడా ఉండేది కాదు, అట్ట మీద అంకెలు గుంటలు పడేవి. వేలితో తడిమితే తెలిసేది. ఏ టికెట్లు ఎన్ని అమ్ముడయ్యాయో స్టేషన్లో రోజూ వరస నంబర్లు చూసి లెక్క కట్టేవారు. ఆ రోజువారీ పుస్తకం ఒకటి దొరికితే, టెంబూరులో సంత రోజున ఎంతమంది బండెక్కారో తెలుస్తుంది. రాజావారి వంశావళి కన్నా నాకు ఆ లెక్కే ముఖ్యం.

బ్రాడ్‌గేజి పని ఈ లైనును ఎంత శుభ్రంగా తుడిచేసిందో కూడా చెప్పాలి. ప్రాజెక్ట్ యూనిగేజ్ పేరుతో 1992 నుంచి దేశమంతా చిన్న గేజిలు మార్చుకుంటూ వచ్చారు. ఈ లైనుకి 2002లో శంకుస్థాపన అయింది, 2004 జూన్‌లో చివరి చిన్న రైలు నడిచింది. మళ్లీ పర్లాకిమిడికి రైలు వచ్చింది 2010లో, గుణుపురానికి 2011 ఆగస్టులో. మధ్యలో ఆరేడేళ్లు జనం బస్సులే పట్టుకున్నారు. రెండున్నర అడుగుల మార్గం అయిదున్నర అడుగులు కావాలంటే ఉన్నదాని పక్కన ఇంకో పట్టా వేస్తే సరిపోదు. కట్ట వెడల్పు చేయాలి, తూములు తిరిగి కట్టాలి, గర్డర్లు మార్చాలి, ప్లాట్‌ఫారాలు ఎత్తు పెంచాలి. మంచి ఇంజనీరింగ్ పనే. కానీ అలా పూర్తయిన మార్గంలో పాతది వెతికితే కంటికి దొరికేది బహు స్వల్పం. అందుకే ఇక్కడ కాగితం విలువ ఎక్కువ. కొండ రైళ్ల విషయం వేరు, అవి ఇంకా నడుస్తున్నాయి. కాల్కా–సిమ్లా కూడా రెండున్నర అడుగుల గేజే, నౌపడ లైను తర్వాత మూడేళ్లకి, 1903లో మొదలైంది. దానికి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సంతకీ కోర్టుకీ బడికీ జనాన్ని మోసిన పల్లె రైలుకి అలాంటి గుర్తింపు రాదు, రావాలని నేనూ అడగను.

రికార్డు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే కాకినాడ–కోటిపల్లి లైను ఉంది. దాదాపు 45 కిలోమీటర్లు. 1928లో వేశారు, 1940లో పీకేశారు. ఎవర్నడిగినా ఒకటే మాట, యుద్ధానికి పట్టాలు పట్టుకెళ్లిపోయారు అని. నిజమే. కానీ ఆ పన్నెండేళ్లలో ఎవరు ఎక్కారు, ద్రాక్షారామం యాత్రికులు ఎందరు, పీకేసిన రోజున అందులో పనిచేసేవాళ్లు ఎక్కడికి పోయారు, ఇవేవీ జనం నోట లేవు. 64 ఏళ్ల తర్వాత 2004లో మళ్లీ పట్టాలు వేసేనాటికి అది చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. సరిగ్గా ఆ ఏడాదే ఇక్కడ చిన్న రైలు ఆగింది. దీన్ని చూసినవాళ్లు ఇంకా వేలమంది ఉన్నారు, నడిపినవాళ్లు కూడా ఉన్నారు. తేడా అదే.

మ్యూజియం కట్టండని అడగడం లేదు. నాగపూర్ మోతీబాగ్‌లో నేరోగేజి మ్యూజియం ఉంది, ఢిల్లీలో జాతీయ రైల్ మ్యూజియం ఉంది, ఇంజన్లు చూడాలనుకున్నవాళ్లకి అవి ఉన్నాయి. ఇంజన్‌కి రంగేసి స్టేషన్ ముందు గడ్డిలో నిలబెట్టి, పక్కన 'హెరిటేజ్' అని బోర్డు పెట్టి ఫొటో దిగడం మనకి బాగా అలవాటైన పని. దాంతో చరిత్ర తెలిసిపోయినట్టు ఎవరికీ అనిపించదు, సెల్ఫీ మాత్రం బాగా వస్తుంది.

అడిగేది ఇంతే. ఫైళ్లు విడదీసే ముందు నౌపడ–గుణుపురం నేరోగేజి పేరున ఉన్నవన్నీ ఎక్కడున్నా ఒకే జాబితాలోకి ఎక్కించండి. మూల కాగితాలు ఏ జోన్ దగ్గరున్నా పర్లేదు, స్కాన్ కాపీ రెండోవాళ్లకి ఇవ్వండి, మూడోది నెట్‌లో అందరికీ పెట్టండి. రైల్వే బోర్డులో హెరిటేజ్ డైరెక్టరేట్ ఉంది, ఖర్చు అటు నుంచి రాబట్టడం మీకు తెలియని విద్య కాదు. జాబితా తయారయ్యేదాకా ఈ లైను పేరున్న ఏ రిజిస్టరూ వేస్ట్ పేపర్ వేలంలోకి వెళ్లకూడదని ఇద్దరూ కలిసి ఒక సర్క్యులర్ ఇస్తే, సగం పని అయినట్టే.

తొందర ఎందుకంటే ఇంకో కారణం కూడా ఉంది. గుణుపురం నుంచి తేరుబలి దాకా 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకి 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే గుణుపురం ఇక చివరి స్టేషన్ కాదు. నౌపడ నుంచి బయల్దేరిన బండి రాయగడ లైనులో కలిసిపోతుంది. బ్రాంచి లైనుగా దీని బతుకు అక్కడితో ముగుస్తుంది. ఆ ప్రాంతానికి అది శుభవార్తే, ఎన్నో ఏళ్ల కోరిక. గూడ్స్ బండ్లు పోయే పెద్ద మార్గమయ్యాక పాతిక మైళ్ల రాజావారి లైను గురించి ఫైలు కదపమంటే మాత్రం ఎవరికి తీరుతుంది?

కాగితాల తర్వాత మనుషులు. చిన్న రైల్లో పనిచేసిన గార్డులు, డ్రైవర్లు, గ్యాంగ్‌మెన్, పాయింట్స్‌మెన్ ఇప్పుడు పెన్షనర్లు. ఆవిరి ఇంజన్‌లో బొగ్గు వేసినవాళ్లయితే బాగా పెద్దవాళ్లయ్యారు. వాళ్లని ఎక్కడని వెతకాలి అన్న ప్రశ్న రైల్వేకి రానే రాదు, చిరునామాలు మీ పెన్షన్ సెక్షన్‌లోనే ఉన్నాయి. డివిజన్లలో ఏటా పెన్షన్ అదాలత్ పెడుతున్నారు. తమ బకాయిల కోసం, ఫ్యామిలీ పెన్షన్‌లో తప్పుల కోసం వాళ్లే అక్కడికి వస్తారు. వచ్చేటప్పుడు ఇంట్లో దాచుకున్న పాత టైమ్ టేబుల్, డ్యూటీ పాసు, ఫొటో లాంటివి తెమ్మని నోటీసులో ఒక్క వాక్యం కలపండి. పక్క గదిలో ఒక స్కానర్, ఒక వాయిస్ రికార్డర్, తెలుగు, ఒడియా, సవర భాషలు వచ్చినవాళ్లు ముగ్గురు ఉంటే చాలు. తెచ్చిన కాగితం అక్కడికక్కడే స్కాన్ చేసి వెనక్కి ఇచ్చేయండి. పెద్దవాళ్ల దగ్గర అసలు కాగితం మాత్రం ఉంచుకోవద్దు, మళ్లీ దానికోసం వాళ్లు మీ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

విశాఖపట్నంలో ఒకటి, రాయగడలో ఒకటి, వచ్చే అదాలత్‌కే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
చిన్న రైలు చరిత్ర పోగుచేసే పనిలో ఉన్న ఒక పాఠకుడు